బురద ఎక్కడికి పోతోంది?

మనలో చాలామందికి కోలారు వైపు చుట్టాలున్నారు కనుక అక్కడినుంచే మొదలుపెడతాం.

2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం అంటారు. రోజుకు 440 మిలియన్ లీటర్లు దాని లక్ష్యం. ఎండిన చెరువులో నీళ్లు చూసి సంతోషించిన రైతులున్నారు, ఆ నీళ్లు మంచివేనా అని కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. మేము దాని పక్కనే ఇంకొకటి అడుగుతున్నాం. నీళ్లలోంచి తీసిన మురికి ఏమైంది?

శుద్ధి కేంద్రంలో నీళ్లకు గాలి కొడతారు. బాక్టీరియా మలినాన్ని తిని పెరుగుతుంది. తిన్నదాంట్లో కొంత గాలిలో కలిసిపోతుంది. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ అలా పోవు. అవి మూలకాలు, వాటిని ఏ క్రిమీ అరిగించుకోలేదు. బాక్టీరియా ముద్దలకు అంటుకుని అడుగున దిగుతాయి. అంటే కేంద్రం నీళ్లను ఎంత బాగా శుభ్రం చేస్తే బురదలో లోహం అంత ఎక్కువ చేరుతుంది. నీళ్ల రిపోర్టు మాత్రమే చూసి చప్పట్లు కొట్టేవాళ్లకు ఈ సంగతి గుర్తుండదు.

ఆ బురద చెడ్డదని మేము అనడం లేదు. అందులో నత్రజని ఉంది, భాస్వరం ఉంది. ఎరువుల ధరలు చూస్తే రైతు దానికి ఆశపడటంలో తప్పేముంది? కాని మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకు హద్దులు పెట్టింది. కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, క్రోమియం 50, నికెల్ 50, సీసం 100 దాటకూడదు. పాదరసమైతే 0.15 మాత్రమే. ఆమ్ల గుణమున్న నేలలో కాడ్మియం సులువుగా కదిలి పాలకూర, తోటకూర ఆకుల్లోకి ఎక్కుతుంది. సున్నం వేస్తే కొంతకాలం కట్టిపడేయవచ్చు, లోహం మాత్రం మట్టిలోనే ఉంటుంది. కాల్చేస్తే బూడిదలో ఇంకా చిక్కబడుతుంది, పాదరసం పొగలో పోతుంది. యాసిడ్‌తో కడిగి తీయవచ్చు. అది ఖర్చుతో కూడిన పని, పైగా ఆ కడిగిన నీళ్లను మళ్లీ శుద్ధి చేయాలి.

కాబట్టి కలిశాక తీయడం కాదు, కలవకుండా ఆపడమే పని. మన ఇళ్ల మురుగులో ఈ లోహాలు తక్కువే. ఎక్కువ భాగం ప్లేటింగ్ షెడ్లు, బ్యాటరీ పనులు, తోళ్ల కర్మాగారాల నుంచి వస్తుంది. తోళ్ల పనిలో వాడే క్రోమియంలో దాదాపు మూడో వంతు తోలుకు పట్టకుండా నీళ్లలో మిగిలిపోతుంది. ఆ నీళ్లను కర్మాగారంలోనే విడిగా పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ కలిపితే క్రోమియం అడుగుకు చేరుతుంది. దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. ఇది కొత్త విద్య కాదు, తోళ్ల యజమానులకు బాగా తెలిసిందే.

తెలిసినా చేయకపోతే ఆ బురద ఎవరి మీద పడుతుంది? తమిళనాడు రాణిపేటలో 2015 జనవరి 31న, తోళ్ల కర్మాగారాల ఉమ్మడి శుద్ధి కేంద్రంలో బురద ట్యాంకు గోడ కూలింది. పక్క కర్మాగారంలో నిద్రపోతున్న 10 మంది చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్టకూటికి వచ్చిన కూలీలు.

మన సంగతీ వేరు కాదు. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర, పాకీపని చేసే తెలుగు కుటుంబంలో పుట్టారు. ఊరి మురికిని ఎవరిచేత ఎత్తిస్తారో మన పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇప్పుడు అందులో క్రోమియం కూడా కలిసింది, చేతులకు తొడుగులు మాత్రం ఇంకా రాలేదు.

ఇక మీ పొలాల మాట. బురద లోడు వస్తే లోహాల పరీక్ష కాగితం చూపించమనండి. లేకపోతే దించనివ్వకండి. ఇప్పటికే వేసినవాళ్లు ఆ మడిలో ఆకుకూరలు వేయకుండా ముందు మట్టి పరీక్ష చేయించండి. భూసార కార్డులో జింకు, రాగి ఉంటాయి, కాడ్మియం, సీసం, క్రోమియం ఉండవు. వాటిని విడిగా రాసి అడగాలి.