పిల్లల మొర



పదో తరగతి పిల్లలను "కష్టమేందిరా?" అని అడిగాం. "ఇంట్లో దక్కనీ, పుస్తకంలో ఉర్దూ, ఊళ్లో తెలుగు, పైన ఇంగ్లీషు. ఆటల పీరియడ్లోనూ లెక్కలే సార్" అన్నారు. "మాకు కబడ్డీ ఎప్పుడు సార్?" అంది ఓ అమ్మాయి. ఆ పీరియడు మింగింది మేమే. ఇక మీదట తిరిగి ఇస్తాం.

మీరూ ఒక మాట ఇవ్వాలి. బెళుగుప్పలో వానలే తక్కువ. పండిన శెనక్కాయ పీకడానికి చేతులు కావాలి, నిజమే. కానీ ఆ రోజుల్లో బడి మానిన బిడ్డ ఏడాదంతా వెనకబడతాడు. 2007 చట్టం మనలో వెనకబడిన వారికి చదువుల్లో, ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. పది దాటనిదే ఆ వాకిలి దాకా పోలేం.

బిడ్డలను బడిలో ఉంచండి. సాయంత్రం గంటసేపు ఆడుకోనివ్వండి, ఆడపిల్లలను కూడా. ఖుదా హాఫిజ్.