ఒక్క నగరం మీద రాష్ట్రం నిలబడదు

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. ఆరేండ్లు నిండకముందే, 2020 మార్చిలో, లాక్‌డౌన్ వచ్చి మనల్ని ఒక మాట అడిగింది. రాష్ట్రం వచ్చింది సరే, ఆపద వస్తే ఈ రాష్ట్రం దేని మీద నిలబడుతది? ఆ ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉన్నది.

ముందు ఏది కూలిందో చూద్దాం. హైదరాబాద్ చుట్టూ మేడలు కట్టిన కూలీలకు పని ఆగంగనే పూట గడవలేదు. 2020 ఏప్రిల్ 29న కంది దగ్గర నిర్మాణ కూలీలు జీతాల కోసం, ఇంటికి పోనియ్యమని రోడ్డెక్కిండ్రు. రెండు రోజులకు, సరిగ్గా మేడే నాడు, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలనే మొదటి వలసకూలీల రైలు కదిలింది. రైలు రాకముందే, ములుగు మిరప చేన్ల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచిన పన్నెండేండ్ల బిడ్డ ఇల్లు చేరకుండనే ప్రాణం విడిచింది. వీళ్లు మనోళ్లు కాదని అందామా? పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిపించుకున్న గడ్డ మనది. బొంబాయికి, దుబాయికి కొడుకుల్ని పంపి ఎదురుచూసిన ఊళ్లు మనయి.

ఇగ నిలబడ్డదేందో చూద్దాం. అవే నెలల్ల యాసంగి వడ్లు కోతకొచ్చినయి. మార్కెట్ యార్డుల్ల జనం గుమిగూడొద్దని ఊరూరా కొనుగోలు కేంద్రాలు తెరిచిండ్రు. ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు కాంటాలు పెట్టి, 60 లక్షల టన్నులకు మించి వడ్లు సేకరించినయి. దేశం తాళం వేసుకున్న రోజుల్ల ఇదెట్ల సాధ్యమైంది? సంఘం ఊర్ల ఉన్నది. కాంటా ఊర్ల ఉన్నది. కొనేటోడు ఊరికి వచ్చిండు. అంతే.

అయితే అందుల కూడ కంతలున్నయి. జూట్ మిల్లులు మూతపడంగనే గోనె సంచులకు కటకట. రైస్ మిల్లుల్ల బస్తాలు మోసే బీహార్ హమాలీలు ఊళ్లకు పోయి ఉండిరి, మే నెలల ఖగారియా నుంచి ప్రత్యేక రైలుల కొందర్ని పిలిపించుకోవలసి వచ్చింది. తాలు పేరు మీద తూకంల పెట్టిన కోతల సంగతి రైతుకు ఎరుకే.

వైద్యం సంగతి చూడుండ్రి. కొవాగ్జిన్ పుట్టింది హైదరాబాద్‌ల. 2021 జనవరిల దానికి అనుమతి వచ్చింది. ఏప్రిల్ 23న అదే హైదరాబాద్‌ల, బేగంపేట నుంచి, ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను సైనిక విమానంల ఒడిశాకు పంపినం. జిల్లాల రోగులు గాంధీ ఆస్పత్రి దారి పట్టిండ్రు. తర్వాత జిల్లాలకు వైద్య కళాశాలలు వచ్చినయి, సంతోషం. కానీ బోర్డు వైద్యం చెయ్యదు. డాక్టరు, నర్సు, ఆక్సిజన్ ప్లాంటు నడిపే మనిషి ఉంటేనే అది ఆస్పత్రి.

సిరిసిల్ల మరో పాఠం. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సాంచాలకు పని చూపింది. మంచి పని. కానీ ఒక్క గిరాకీ మీద ఊరు ఊరంతా బతికితే ఏమైతదో 2024ల ఆర్డర్లు ఆగినప్పుడు తెలిసింది. అన్నం పెట్టే చెయ్యి ఒక్కటే అయితే, అది ముడుచుకున్న నాడు పస్తే.

నిధుల మాట. 2020 ఆగస్టుల రాష్ట్రాలు జీఎస్టీ పరిహారం అడిగితే, ఇది దైవ ఘటన, అప్పు తెచ్చుకోండ్రి అని ఢిల్లీ చెప్పింది. కేంద్ర పన్నుల్ల మన వాటా 14వ ఆర్థిక సంఘం నాడు 2.437 శాతం, 2021-26కు 15వ సంఘం దాన్ని 2.102కు దించింది. ఇక్కడేమో 2020 మార్చి జీతంలనే ఉద్యోగులకు సగం కోత పడ్డది. సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం వదులుకున్న ఉద్యోగికి త్యాగం కొత్త కాదు. కానీ అది తను ఎంచుకున్న త్యాగం, ఇది జీవో తెచ్చిన కోత. ఆపద కోసం దాచిన పైస లేకపోతే మొదటి కత్తెర జీతం మీదనే పడుతది.

అందుకే మనం నాలుగు అడగాలె. ఒకటి, ఏ రాష్ట్రం కూలీ అయినా పనిచేసే చోటనే పేరు నమోదు, రేషన్, జీతానికి పూచీ ఉండాలె. రెండు, ఊరి కొనుగోలు కేంద్రానికి సొంత కల్లం, గోదాము, ముందే నిల్వచేసిన సంచులు ఉండాలె. మూడు, బడి పిల్లల యూనిఫాం, ఆస్పత్రి దుప్పట్లు ఏడాది పొడుగునా మన మగ్గాలకే ఇయ్యాలె, బయటి మార్కెట్‌కు దారి కూడ చూపాలె. నాలుగు, బడ్జెట్‌ల ఏటా ఆపద నిధి పక్కకు పెట్టి, జిల్లాల వారీగ లెక్క చెప్పాలె.

విద్యార్థులకు ఒక పని. మీ ఊర్ల 2020ల ఎంతమంది తిరిగొచ్చిండ్రు, ఏం పని దొరికింది, మళ్లెందుకు పోయిండ్రు, ఇంటింటికి తిరిగి రాయుండ్రి. ఉద్యోగులు మీ శాఖల ఖర్చయిందెంత, చేరిందెంతో తీయుండ్రి. లెక్క చేతుల లేని కొట్లాట ఉపన్యాసంతోనే ఆగుతది. ఆపద మళ్లొస్తది, చెప్పి రాదు. అది వచ్చే నాటికి ప్రతి జిల్లాకు సొంత కాళ్లుండాలె.

జై తెలంగాణ.