కొండదారులు, రాతికట్టలు: మయోర్కా ద్వీపంలో సైకిలు ప్రయాణం
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగు. పగలంతా బడిలో భూగోళం పాఠాలు చెప్పి, సాయంత్రం బెంచీ మీద కూర్చుని అ ఆలు దిద్దినవాణ్ణి. మాట ఎక్కడైనా తడబడితే పెద్దలు సర్దుకోవాలి.

ఈసారి ఒక యాత్ర గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. కాశీ, తిరుపతి, సింహాచలం గురించి చెప్పగలవారు ఈ సభలో చాలామంది వున్నారు. ఉద్యోగ విరమణ తరువాత నేను రెండుసార్లు వెళ్ళివచ్చిన వేరొక చోటు గురించి చెబుతాను. అది మధ్యధరా సముద్రంలోని మయోర్కా ద్వీపం. అక్కడ నేను చేసిన పని సైకిలు తొక్కడం. అరవై దాటినవాడికి ఇదేం సరదా అని మా ఇంట్లోనే అడిగారు. జవాబు చివరికి మీకే తెలుస్తుంది.

మయోర్కా స్పెయిన్ దేశానికి చెందిన ద్వీపం. వైశాల్యం సుమారు 3,640 చదరపు కిలోమీటర్లు. అంటే మన మారిషస్‌కు దాదాపు రెండింతలు. మనది అగ్నిపర్వతం పోసిన నల్లరాయి, వారిది తెల్లని సున్నపురాయి. మనకు వేసవిలో వానలు. వారికి చలికాలంలో వానలు, వేసవి అంతా ఎండ. అందుకే అక్కడ ఆలివ్, బాదం, పైన్ చెట్లు బాగా పెరుగుతాయి. ద్వీపం వాయవ్య తీరం పొడవునా సుమారు 90 కిలోమీటర్ల కొండల వరుస వుంది. దాని పేరు సెర్రా దె త్రముంతానా. త్రముంతానా అంటే ఉత్తరపు గాలి. ఆ గాలి ఎదురైన రోజున సైకిలు తొక్కేవాడికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కరలేదు.

మొదటిసారి వెళ్ళేవారు నేరుగా పెద్ద కొండల మీదికి పోకూడదు. ముందు రెండు రోజులు మధ్యనున్న మైదానంలో తిరగాలి. చిన్న చిన్న తారు రోడ్లు, రెండు పక్కలా రాతిగోడలు, గోడల వెనుక గొర్రెలు, బాదం చెట్లు. సినెయు అనే వూళ్ళో బుధవారం సంత జరుగుతుంది. ఆ మైదానం అంచున రాందా అనే ఒంటరి కొండ వుంది. ఎత్తు 540 మీటర్లు. వూరినుంచి శిఖరానికి సుమారు అయిదు కిలోమీటర్ల ఎక్కుడు. పదమూడవ శతాబ్దంలో రమోన్ లుల్ అనే జ్ఞాని ఈ కొండ మీద ఏకాంతంగా గడిపాడు. పండితులందరూ లాటిన్‌లో రాసే కాలంలో ఆయన తత్త్వశాస్త్రాన్ని తన వూరివారు మాట్లాడే కతలాన్ భాషలో కూడా రాశాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

రెండవ దారి సోయెర్ కనుమ. ఎత్తు దాదాపు 500 మీటర్లు. రెండు వైపులా కలిపి 50కి పైగా మలుపులు. పూర్వం రాజధాని పాల్మానుంచి సోయెర్ వూరికి వెళ్ళే బండ్లన్నీ ఈ ఘాట్ రోడ్డు మీదుగానే పోయేవి. 1997లో కొండ కింద సొరంగం తెరిచారు. కార్లు అందులోకి పోయాయి. సొరంగంలోకి సైకిలును రానివ్వరు కనుక పాత రోడ్డు మనకు మిగిలింది. ఎక్కుడు నెమ్మదైనది, సగటున నూటికి అయిదారు వంతులు, అంటే వంద మీటర్లు ముందుకు పోతే అయిదారు మీటర్లు పైకి. మన వయసువాళ్ళు కూడా మాట్లాడుకుంటూ ఎక్కవచ్చు. వూపిరి ఆడక మాట ఆగిపోయిందంటే గేరు తగ్గించాలని అర్థం.

కనుమ దిగితే సోయెర్ లోయ. నిండా నారింజ తోటలు. 1912నుంచీ పాల్మాకు అక్కడినుంచి చిన్న రైలు నడుస్తున్నది. అంతకు ముందు నారింజలు ఓడల్లో ఫ్రాన్సుకు వెళ్ళేవి. పండ్ల వెనుకే మనుషులూ వెళ్ళారు. పందొమ్మిదవ శతాబ్దం రెండవ సగంనుంచి ఎన్నో కుటుంబాలు ఫ్రాన్సులో దుకాణాలు పెట్టుకుని, డబ్బు కూడబెట్టి, తిరిగివచ్చి ఇళ్ళు కట్టుకున్నాయి. అందుకని అక్కడి ముసలివారిలో కొందరికి ఇప్పటికీ ఫ్రెంచి వస్తుంది. మారిషస్‌నుంచి వెళ్ళిన నాకు ఆ వూళ్ళో నోరు మెదపడం సులువైంది.

మూడవ దారి కొంచెం బలం వున్నవారికి. సోయెర్‌నుంచి పద్నాలుగు కిలోమీటర్లు ఎడతెగకుండా ఎక్కితే పుయిగ్ మజోర్ పక్కనున్న సొరంగం వస్తుంది. అక్కడికి ఎత్తు సుమారు 850 మీటర్లు. పుయిగ్ మజోర్ ద్వీపంలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,400 మీటర్లకు పైనే. సొరంగంలో దూరే ముందు దీపం వెలిగించుకోవాలి. దాటాక రెండు జలాశయాలు వస్తాయి. పాల్మా తాగే నీటిలో కొంత ఇక్కడిదే. ఆ తరువాత యూక్ మఠం, దాని తరువాత పొయెన్సా వూరు. మఠం వాకిట్లో ఆగి నీళ్ళు నింపుకోవాలి. దారిలో మేకలు అడ్డం వస్తాయి. గంట కొడితే లెక్కచేయవు.

నాలుగవది అందరూ చెప్పుకునే సా కలోబ్రా. 1932లో ఆంతోనియో పారియెత్తి అనే ఇంజనీరు వేసిన రోడ్డు. యంత్రాలు లేని చోట కూలీలు కొండను చేతులతో తొలిచి, తొలిచిన రాయినే పల్లానికి మోసి, ఇరవైకి పైగా మలుపులతో దాన్ని సముద్రం దాకా దించారు. ఒకచోట రోడ్డు గుండ్రంగా తిరిగి తన కిందనుంచే తాను పోతుంది. అక్కడివారు దాన్ని టై ముడి అంటారు. ఈ దారిలో ఒక వింత వుంది. మిగిలిన కొండల్లో ముందు ఎక్కి తరువాత దిగుతాం; ఇక్కడ ముందు దిగాలి. తిరిగి రావడానికి వేరే రోడ్డు లేదు. సముద్రంనుంచి పైకి దాదాపు పది కిలోమీటర్లు, సగటున నూటికి ఏడు వంతుల ఎక్కుడు. అలసినవాడికి పడవ ఒక దిక్కు. దిగేటప్పటి సంతోషానికి ఎక్కేటప్పుడు లెక్క చెప్పాలి.

ఇక అయిదవది పడమటి తీరపు దారి. అంద్రాచ్‌నుంచి ఎస్తెయెంక్స్, బన్యాల్బుఫార్, వాల్దెమోస్సా, దెయా మీదుగా సోయెర్ వరకు. పెద్ద కనుమ ఏదీ లేకపోయినా దారి ఒక్క నిమిషం చదునుగా వుండదు. ఎడమ వైపు సముద్రం, కుడి వైపు కొండ. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కారణం, అక్కడి మెట్ల పొలాలు.

కొండ వాలు మీద మట్టి నిలవదు, వాన తీసుకుపోతుంది. అందుకని ఆ రైతులు వాలును మెట్లుగా కోసి, ప్రతి మెట్టుకూ రాతికట్ట కట్టారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, ఒకదాన్నొకటి పట్టుకునేలా పేర్చి, గోడను కొంచెం కొండవైపు వాల్చి, వెనుక చిన్న రాళ్ళు నింపుతారు. వాన నీరు ఆ సందుల్లోనుంచి కారిపోతుంది కనుక గోడ మీద నీటి బరువు పడదు. సిమెంటు పూసి సందులు మూస్తే నీరు వెనుక నిలిచి గోడను తోసేస్తుంది. ఈ పని చేసేవాణ్ణి అక్కడ మర్జే అంటారు.

ఇరవయ్యవ శతాబ్దం మధ్యనుంచి సముద్రతీరంలో హోటళ్ళు వచ్చాయి. పిల్లలు కొండలు దిగి హోటళ్ళ పనికి వెళ్ళారు. ఆలివ్ తోటలు చూసేవారు తగ్గారు. కూలిన కట్టను వెంటనే కట్టకపోతే పై మెట్టు మట్టి కింది మెట్టు మీద పడి దాన్నీ కూలుస్తుంది. పని తెలిసిన ముసలివారు ఒక్కొక్కరే పోతున్నారు. అప్పుడు, 1980వ దశకంలో, ఆ ముసలివారి దగ్గర కొందరు యువకులను కూర్చోబెట్టి పని నేర్పించడం మొదలుపెట్టారు. ఈనాడు మళ్ళీ మర్జేలు వున్నారు. 2011లో ఆ కొండల వరుసను యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2018లో స్పెయిన్‌తో కలిపి ఎనిమిది దేశాల రాతికట్టు విద్యను కూడా తన జాబితాలో చేర్చింది.

భాషకు కూడా అదే జరిగింది. ఫ్రాంకో పాలన సాగిన కాలంలో, 1975 వరకు, కతలాన్ భాషకు బడిలో చోటు లేదు. ఇంట్లో మాట్లాడేవారు, చదవడం రాయడం మాత్రం స్పానిష్‌లో. సోయెర్‌లో నాకు నారింజలు అమ్మిన పెద్దాయన ఫ్రెంచిలో ఈ సంగతి చెప్పాడు. అమ్మ భాషలో తన పేరు సరిగ్గా రాయడం ఆయన నలభై ఏళ్ళు దాటాక, సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాడట. నేను ఆయన చెయ్యి పట్టుకుని, “నేనూ అంతే” అన్నాను. 1983లో కతలాన్‌కు స్పానిష్‌తోపాటు అధికార హోదా వచ్చింది. ఇప్పుడు ఆ దారుల్లో వూళ్ళ పేర్లు కతలాన్‌లో కనిపిస్తాయి. రమోన్ లుల్ రాసిన భాష మళ్ళీ బడికి వచ్చింది.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. ఫిబ్రవరినుంచి మే వరకు, లేదా సెప్టెంబరు, అక్టోబరు మంచి కాలం. ఫిబ్రవరిలో బాదం పూలు చూడవచ్చు. జూలై, ఆగస్టుల్లో ఎండ భరించలేం. మనం రోడ్డుకు ఎడమ పక్కన పోతాం, అక్కడ కుడి పక్కన పోవాలి. ముఖ్యంగా ఆగి మళ్ళీ బయలుదేరేటప్పుడు మరచిపోకండి. వూరు దాటాక హెల్మెట్ తప్పనిసరి. దాటిపోయే కారు మనకు కనీసం ఒకటిన్నర మీటర్లు ఎడం ఇవ్వాలని అక్కడి చట్టం. దిగేటప్పుడు బ్రేకులు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. శాకాహారులకు ఒక హెచ్చరిక: ఎన్సైమాదా అనే చుట్టరొట్టె చూడడానికి ముచ్చటగా వుంటుంది గానీ పంది కొవ్వుతో చేస్తారు, ఆ పేరు కూడా కొవ్వునుంచి వచ్చినదే. రొట్టె మీద టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసి ఇస్తారు. అది కడుపునిండా తినవచ్చు.

ఇక నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్న అసలు కారణం చెబుతాను.

ఆ రాతికట్టల పక్కన సైకిలు తొక్కుతుంటే నాకు మన చెరకు తోటల్లోని నల్లరాళ్ళ గుట్టలు కళ్ళ ముందు నిలిచాయి. ఆ గుట్టలు మన పెద్దల చేతులు పేర్చినవి. నేలనిండా రాళ్ళు. వాటిని ఏరి, తలమీద మోసి, పోగువేస్తేగాని చెరకు నాటడానికి వీలులేదు. మా తాత కూడా అలా మోసినవాడేనని నాన్న చెప్పేవారు. ఓడ దిగిన చోటు, ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చాలా సంతోషం. కాని ఓడ దిగిన తరువాత వారు జీవితమంతా చేసిన పని ఈ గుట్టల్లో వుంది. యంత్రాలతో చెరకు కోయడానికి వీలుగా బుల్డోజర్లు పెట్టి ఎన్నో గుట్టలను తీసేశారు. అందులో తప్పు పట్టను, తోట నడవాలి. కాని మిగిలిన గుట్ట ఎక్కడుందో, దాన్ని ఎవరు పేర్చారో, ఆ పనికి మన తాతలు ఏ తెలుగు మాట వాడేవారో రాసిపెట్టుకున్నామా? అడిగితే చెప్పగలిగిన అవ్వలు ఇంకా కొందరు మన వూళ్ళలో వున్నారు. రేపు వుంటారని ఎవరు పూచీ?

మయోర్కా వారు చివరి ముసలివాడు పోకముందే ఆయన దగ్గర కూర్చున్నారు. వారు చేసిన గొప్ప పని అంతే.

కనుక యువజన విభాగం వారికి నా ప్రార్థన ఒకటి. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ఆరు గంటలకు, ఎండ ముదరకముందే, ఈ భవనం ముందునుంచి సైకిళ్ళ మీద బయలుదేరుదాం. సైకిలు లేనివారు కారులో వెనుక రండి. ఒక్కొక్క వూరికి వెళ్ళి, గుట్టలను ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి, పెద్దవాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని వారి మాటలు వారి తెలుగులోనే రాసుకుందాం. వారి తెలుగు పుస్తకంలో వున్నట్టు వుండదు. దిద్దకండి, విన్నది విన్నట్టు రాయండి. పలకా బలపం సంగతి నేను చూసుకుంటాను. టైర్లలో గాలి మీరు చూసుకోండి.