మన పేరు ఏ చిట్టాలో రాస్తారు?

(సిరిసిల్ల సభలో చేసిన ప్రసంగ పాఠం. ఇదే విషయం మీద అంతకుముందు జగిత్యాల, కోరుట్లలో కూడా మాట్లాడటం జరిగింది.)



జగిత్యాలలో ఒక పెద్దమనిషి లేచి అడిగిండు: "బిడ్డా, మనకు గుంటెడు జాగ లేదు. కరెంటు బొగ్గుతోని తీస్తరో ఎండతోని తీస్తరో సర్కారు జూసుకుంటది. మనకెందుకీ ముచ్చట?" కోరుట్లలో బీడీలు చేసే అక్క ఇంకో మాట అన్నది: "సోలార్ పలకలు పెట్టుకోమంటున్రు. నాది రేకుల ఇల్లు. అది గూడ కిరాయిది. ఏడ పెట్టాలె?" ఈ ఇద్దరికీ జవాబు చెప్పకుండా వాతావరణం గురించి ఎంత మాట్లాడినా అది మనకు పనికిరాదు.

బొగ్గు కాల్చిన పొగ భూమిని వేడెక్కిస్తున్నది. బొగ్గు తగ్గించి ఎండ నుంచి, గాలి నుంచి కరెంటు తీయాలంటున్నారు. ఈ మార్పు కార్మికులకు న్యాయంగా జరగాలని 2015 పారిస్ ఒప్పందంలోనే రాసుకున్నారు. 2070 నాటికి నికర కాలుష్యాన్ని సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గోలో భారత ప్రభుత్వం మాట ఇచ్చింది. మార్పు రావాలె. అందులో మనకు పేచీ లేదు. ఎండ ముందు తగిలేది మన నెత్తికే గదా! ఉపాధి పనిలో తట్ట మోసేటోళ్ళకు, నాట్లేసే ఆడోళ్ళకు, రేకుల కింద బీడీలు చుట్టేటోళ్ళకు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా గుర్తించి, చనిపోయిన వారి కుటుంబానికి 4 లక్షలు ప్రకటించింది. ప్రాణం పోయినంక ఇచ్చేది సరే. బతికున్నోడు ఎండపూట పని ఆపితే ఆ పూట కూలి ఎవరిస్తారు?

పేచీ ఎక్కడంటే, ఆ న్యాయం ఎవరికి అన్న దగ్గర. న్యాయం చేయాలంటే ముందు పేరు రాసుకోవాలి. సర్కారు చేతిలో ఉన్న చిట్టాలు మూడు: పట్టాదారు పాసుబుక్కు, పర్మినెంటు కార్మికుల చిట్టా, సొంత ఇంటి కాగితం. ఈ మూడింటిలోనూ మనోళ్ళు లేరు, ఉన్నా ఎక్కడో అంచున ఉన్నారు.

భూమి సంగతి చూడండి. అనంతపురం పక్కనే కర్ణాటకలో పావగడ ఉంది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టారు. పట్టా ఉన్నాయనకు కూర్చున్న చోటికే పైసలొచ్చినయి. ఎక్కువ భూమి ఉన్నోడికి ఎక్కువ. అదే చేన్లో కలుపు తీసి, పల్లికాయ పీకిన దళిత కూలీకి? పని పోయింది. మేకను మేపుకునే జాగ పోయింది. కొందరికి పలకలు కడిగే పని, గడ్డి కోసే పని, కాపలా పని దొరికింది. కరెంటు కొత్తదే, కులం మాత్రం పాతదే.

సోలారు కోసం ముందు వెతికేది బీడు భూమిని. ఆ బీడు ఎవరిది? 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలని, దొరలు పట్టిన బంజర్లు దక్కాలని కూలీలు లేచిన రోజులవి. మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నది సర్కారు. ఆనాడు దెబ్బలు తిన్నోళ్ళ మనవలకు ఈనాడు ఏ కాగితముంది? 2020లో ధరణి వచ్చినప్పుడు పహాణీలో అనుభవదారు కాలమే లేకుండా పోయింది. 2025లో భూభారతి వచ్చింది. చప్పట్లు కొట్టేముందు సాగులో ఉన్న మన పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. ఇంకో మాట. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమిని అమ్మడమే గాదు, కౌలుకు రాసివ్వడం కూడా చెల్లదు. కంపెనీ మనిషి వచ్చి వేలిముద్ర అడిగితే ముందు ఆ చట్టం చదివించుకోండి.

ఇక బొగ్గు. మన పాత కరీంనగర్ జిల్లాలోనే రామగుండం ఉంది. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బి-థర్మల్ 2024లో మూతపడింది. ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ వచ్చింది. అక్కడే 1,600 మెగావాట్ల కొత్త బొగ్గు కేంద్రమూ లేచింది. అంటే బొగ్గు రేపే పోదు. పోయేనాడు మాత్రం ఎవరిని మోసుకుపోతది? సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులుండేవారు. ఇప్పుడు సగం కూడా లేరు. కాంట్రాక్టు కూలీలు పెరిగారు. జీతాల కోసం 2022 సెప్టెంబరులో వాళ్ళు సమ్మె కూడా చేశారు. గని మూస్తే పర్మినెంటోడికి బదిలీ అయినా ఉంటది. బూడిద ఎత్తే తమ్మునికి, ఊడ్చే అక్కకు ఏముంటది?

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. కార్మికుల సంగతి, కరెంటు సంగతి రెండూ ఆయన చేతిలోనే ఉండేవి. 1943లో ధన్‌బాద్ గనులకు స్వయంగా పోయి చూశారు. 1944లో బొగ్గు గని కార్మికులకు సంక్షేమ నిధి ఏర్పడింది. దేశానికి కరెంటు కావాలన్నారు, దాన్ని తీసే మనిషినీ మరువలేదు. మనం అడిగేదీ అంతే.

సిరిసిల్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. చేతిమగ్గం పోయి సాంచాలు వచ్చినప్పుడు సాంచా కొన్నోడు ఆసామి అయిండు, కొననోడు కూలీ అయిండు. సోలారులోనూ అదే జరుగుతున్నది. 2024 నాటి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఇస్తది, కప్పు సొంతమైనోడికి. "మాకు జీరో బిల్లు వస్తుంది గదా" అంటారు. జీరో బిల్లు సర్కారు ఇచ్చేది, సర్కారు తీసేయగలిగేది. ఆస్తి అట్ల గాదు.

కోరుట్ల అక్కకు జవాబు ఈ ఊళ్ళోనే ఉంది. 1970 నుంచి ఇక్కడ సెస్ ఉంది. కరెంటు వాడేటోళ్ళ సహకార సంఘమది. అటువంటి సంఘాలే వాడల్లోని బడుల మీద, కమ్యూనిటీ హాళ్ళ మీద పలకలు పెట్టి, ఆ యూనిట్లు రేకుల ఇళ్ళ పేర జమ చేయాలి. సోలారుకు పోయే భూమి మీద పట్టాదారుకు కౌలు ఇచ్చినట్టే, పని పోయిన కూలీకీ వాటా ఇవ్వాలి. గని మూసే ముందు కాంట్రాక్టు కూలీల పేర్లు రాసి, వాళ్ళకు పని చూపాలి. ఎండపూటకు కూలి కట్టివ్వాలి.

జగిత్యాల పెద్దమనిషికి నా జవాబు ఇది: బాపూ, గుంటెడు జాగ లేదు గనుకనే ఈ ముచ్చట మనది. భూములు పంచిన్నాడు మన పేరు రాయలేదు. ఇప్పుడు ఎండను పంచుతున్నారు. ఈసారన్నా చిట్టా రాసేకాడ మనం కూర్చోవాలె.

జై భీమ్!