అందరికీ తెరుచుకునే పేజీ మన చేత్తో మనమే రాద్దాం
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మన తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను. ఉపకార వేతనాల కరపత్రాన్ని మనం ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాం. చూపులేని తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, నా ఫోను అన్నీ చదివి వినిపిస్తది. మీ పేజీ కాడికొచ్చేసరికి 'బొమ్మ' అని ఊరుకుంటోంది. ఆఖరు తేదీ ఎప్పుడన్నా?" అన్నాడు. అప్పటికి ఆ తేదీ దాటి రెండు రోజులైంది. ఎవరి కోసం పెట్టామో వాళ్లకే అందలేదు. బాధ్యులం మనమే గదా!

వెబ్ పుట్టింది ఇందుకు కాదు. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని ప్రతిపాదించాడు. ఎవరి దగ్గర ఏ కంప్యూటరున్నా ఒకే కాగితం చదవగలగాలన్నది ఆయన ఆలోచన. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని పైసా రుసుం లేకుండా లోకానికి వదిలేసింది.

ఆ తర్వాత కంపెనీల పోటీ వచ్చింది. నెట్‌స్కేప్ ఒక పక్క, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంకో పక్క. 'ఈ బ్రౌజర్‌లోనే చూడండి' అని పేజీల మీద బోర్డులు వెలిశాయి. తెలుగు పత్రికలు కూడా ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేనివాళ్లకు కనబడింది పిచ్చిగీతలే. చివరికేమైంది? నెట్‌స్కేప్ 2008లో, ఎక్స్‌ప్లోరర్ 2022లో మూతపడ్డాయి. 1991 నాటి మొట్టమొదటి వెబ్‌సైటును మాత్రం సెర్న్ వాళ్లు 2013లో పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టారు. అది ఈనాటి చిన్న ఫోనులో కూడా తెరుచుకుంటుంది. ఎందుకని? సాదా హెచ్.టి.ఎం.ఎల్. గనక. తనకు తెలియని గుర్తు కనబడితే బ్రౌజర్ దాన్ని వదిలేసి, లోపలి మాటల్ని చూపిస్తుంది.

ఇది రాయడానికి పెద్ద సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ చాలు. శీర్షికకు హెచ్-1, పేరాకు పి, లింకుకు ఎ అని గుర్తులు. అక్షరాలను యూనికోడ్‌లో, అంటే యు.టి.ఎఫ్-8లో దాచాలి. భాష తెలుగని పైనే రాయాలి. అప్పుడే చదివే గొంతు తెలుగులో పలుకుతుంది. బొమ్మ పెడితే అందులో ఏముందో 'ఆల్ట్' అనే చోట మాటల్లో చెప్పాలి. శీర్షికను ఊరికే లావు అక్షరాల్లో పెడితే చాలదు. శీర్షిక గుర్తే వాడాలి. చూపులేనివాళ్లు శీర్షిక నుంచి శీర్షికకు గెంతుతూ చదువుతారు.

ఖర్చు సంగతి కూడా వినండి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. నేనిప్పుడు మాట్లాడిందంతా రాసినా పదిహేను వేల బైట్లు దాటదు. ఫోనుతో తీసిన ఒక్క ఫొటోయే మామూలుగా పది లక్షలు దాటుతుంది. సిగ్నలు సరిగా అందని ఊళ్లో ఏది ముందు తెరుచుకుంటుందో మీరే చెప్పండి!

పేజీ రాశాక రెండు మూడు బ్రౌజర్లలో, ఒక పాత ఫోనులో తెరిచి చూడండి. మౌసు ముట్టకుండా ట్యాబ్ మీటతో లింకులన్నీ అందుతున్నాయో లేదో చూడండి. ఆఖరున చదివే గొంతు పెట్టుకుని, కళ్లు మూసుకుని వినండి. ఆఖరు తేదీ మీ చెవినబడితే ఆ పేజీ పనికొచ్చినట్టు. లేకపోతే మళ్లీ రాయండి.

ఆ తమ్ముడికి మనం బాకీ ఉన్నాం. తీర్చుకుందాం. సెలవు.