ఐరోపా పరిశోధక వేతనములు – మన విద్యార్థులు
(వార్షిక మహాసభయందు విద్యాసంఘ పక్షమున నొసగిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శులవారు నన్నాజ్ఞాపించిరి. ఇట్టి సభలయందు విద్యనుగూర్చి పలుకువారు సామాన్యముగ విద్యామహిమను వర్ణింతురు. ఆ మహిమ నెఱుగనివా రీ పందిటిలో నొక్కరును లేరు గావున నేనా పనికి బూనుకొనను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి వచ్చిన తలిదండ్రులకు ధనముతో ముడిపడిన యొక సంగతిని విన్నవింపదలచితిని. పరిశోధన చేయగోరు విద్యార్థికి జీతమిచ్చి విద్య గఱపు నేర్పాటులు ఐరోపా ఖండమున నున్నవి. ఆ సంగతి తెలియక మనము చీనీతోటలను తాకట్టుపెట్టి ఆ ఖండముననే విద్యను కొనుచున్నాము.

కుఱ్ఱవాడు ఇంజనీరింగు ముగించినతోడనే మన యిండ్లలో జరుగునది మీకు దెలిసినదే. ఏజెంటు వచ్చును. అతడు చూపిన పట్టికలోని విశ్వవిద్యాలయమునకు రుసుము కట్టుదుము. బ్యాంకి అప్పు చాలనియెడల వడ్డీకి దెత్తుము. అదియు జాలనిచో ఆడవారి మెడలోని బంగారము ప్రొద్దుటూరి అంగళ్లకు జేరును. అట్లు పోయి బాగుపడినవారు మనలో బలువురున్నారు. వారిని నేను దప్పుపట్టను. కాని యన్ని విద్యలకును త్రోవ యిదియొక్కటియే యనుకొనుట మాత్రము పొరపాటు. వైద్యశాలలోనో పరిశ్రమలోనో ఉద్యోగము గోరువాని లెక్క వేఱు. రసాయనము, భూగర్భశాస్త్రము, పశువైద్యము, గణితము మొదలగువానియందు పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందగోరువాని లెక్క వేఱు. ఈ రెండవవాడు ఐరోపాలోని పెక్కు దేశములందు విద్యార్థిగా గాక ఉద్యోగిగా నెంచబడును. అతడు రుసుము కట్టనక్కఱలేదు. నెలనెలా జీతము పుచ్చుకొనును.

వీనిలో మిక్కిలి పేరుగన్న యేర్పాటు మేరీ క్యూరీ పేర 1996లో నారంభమైనది. 2014 నుండి ఆమె పుట్టినింటి పేరును జేర్చి ‘మేరీ స్క్లొదోవ్‌స్కా క్యూరీ’ పథకములనుచున్నారు. ఐరోపా సమాఖ్యవారు 2021 మొదలు 2027 వఱకు నడపునట్టి ‘హొరైజన్ యూరప్’ అను పరిశోధనా ప్రణాళికలో వీనికి సుమారు 660 కోట్ల యూరోలు కేటాయించిరి. ఆరంభమునుండి లక్షన్నరకు మించిన పరిశోధకులు దీనివలన లాభము పొందియున్నారు. ఐరోపా వెలుపలి దేశములలో భారతీయులు ముందువరుసలో నున్నారనిన మీకాశ్చర్యము కలుగవచ్చును. ఎవరా భారతీయులని విచారించినచో, పెద్దనగరములలోని పెద్దవిద్యాసంస్థల విద్యార్థులకు ఈ వార్త ఆచార్యులవలన సహజముగ నందుచున్నది. మనవైపు అందుట లేదు. నియమములలో ఊరిపేరు, కులము అడుగు చోటెక్కడను లేదు.

ఈ పథకములలో మన పిల్లలకు ముఖ్యమైనది ‘డాక్టోరల్ నెట్‌వర్కు’ అనునది. కొన్ని దేశముల విశ్వవిద్యాలయములును, పరిశ్రమలును గలిసి యొక పరిశోధనాంశమును జేపట్టి, దానికై కొందఱు యువకులను నియమించుకొనును. నియామక దినమునాటికి డాక్టరు పట్టము లేనివారే దీనికర్హులు. ఉద్యోగము సామాన్యముగ మూడేండ్లు. అందు గొంతకాలము మఱియొక దేశమందలి సంస్థలో పనిచేయు నవకాశము గూడ నుండును. 2021 నాటి నియమముల ప్రకారము జీవనభృతి నెలకు 3,400 యూరోలు, ప్రయాణభృతి 600 యూరోలు. తరువాత నీ మొత్తములు పెరిగినవి. కుటుంబము గలవారికి వేఱుగ నొక భృతి కలదు. అయితే యీ మొత్తమంతయు చేతికి వచ్చునని భ్రమపడరాదు. యజమాని చెల్లింపవలసిన పన్నులు, భీమా మున్నగునవి యిందుండియే పోవును. దేశమునుబట్టి యంకె కొంత మాఱును. మిగిలినది ఒక మనుష్యుడు గౌరవముగ బ్రతుకుటకు జాలును.

ఇందొక నియమము కలదు. దానిని మీరు శ్రద్ధగ వినవలయును. ఉద్యోగమిచ్చు సంస్థ యే దేశమున నున్నదో ఆ దేశమున, నియామకమునకు ముందటి ముప్పదియాఱు నెలలలో పండ్రెండు నెలలకు మించి నివసించినవాడు ఆ యుద్యోగమున కర్హుడు గాడు. పరిశోధకుడు దేశముదాటి క్రొత్తచోటికి బోవలయునని దీని యుద్దేశము. దీని ఫలితమును చూడుడు. ఒక విద్యార్థి లక్షలు వెచ్చించి జర్మనీలో రెండేండ్లు చదివి ఎం.ఎస్. ముగించెను. ఆ చదువు ముగిసినవెంటనే జర్మనీలోని యిట్టి జీతపుటుద్యోగముల తలుపు వానికి మూతపడును. కడపలోనో పులివెందులలోనో ఎం.ఎస్‌సి., ఎం.టెక్. చదివినవానికి ఆ దేశపు తలుపు తెఱచియే యుండును. ప్రక్కనున్న ఫ్రాన్సు, హాలెండు, ఇటలీ తలుపులును తెఱచియే యుండును. అప్పుచేసి ముందుగ బోయినవానికి మూసిన తలుపు, ఇంటనుండి చదివినవానికి దెఱచియున్నదన్నమాట! ఏజెంట్లలో నీ నియమమును చెప్పువారు నాకు గానరాలేదు. చెప్పిన వారి వ్యాపారమేమగును?

ఎం.ఎస్. చదువే యచ్చట చదువవలెనని పట్టుదల గలవారికి ‘ఎరాస్మస్ ముండస్’ అను మఱియొక యేర్పాటు 2004 నుండి యున్నది. రెండుగాని అంతకుమించిగాని దేశముల విశ్వవిద్యాలయములలో చదువవలయును. వేతనము లభించినవానికి రుసుము లేదు. 2021 తరువాతి నియమములలో నెలకు 1,400 యూరోలు. పోటీ మిక్కిలి హెచ్చు. డాక్టరు పట్టము పొందినవారికి క్యూరీ పథకములోనే వేఱొక ఫెలోషిప్పు కలదు. పట్టము తరువాత ఎనిమిదేండ్ల పరిశోధనానుభవము మించనివారు, ఐరోపాలోని యొక యాచార్యునితో గలిసి దరఖాస్తు పెట్టుకొనవలయును. జర్మనీవారి డి.ఎ.ఎ.డి. 1925 నుండి యున్నది. ఇంగ్లాండువారు సమాఖ్యనుండి వైదొలగినను 2024 జనవరి నుండి యీ హొరైజన్ ప్రణాళికలో మరల జేరిరి. వీనినన్నిటిని వివరించిన మధ్యాహ్న భోజనమునకు వేళ మించును.

మన మెట్టప్రాంతపు పిల్లలు ఐరోపాలో పరిశోధించునంతటి విషయము మనయొద్ద నేమున్నదని కొందఱందురు. ఐరోపావారు మనయొద్దకే వచ్చి పరిశోధించిన దినములున్నవి. సి.పి. బ్రౌను 1820లో కడపకు వచ్చి, స్వంతధనముతో పండితులకు జీతములిచ్చి తాళపత్రప్రతులను పరిష్కరింపజేసెను. ధనము చాలక అప్పులును జేసెను. వేమన పద్యములను 1829లో నచ్చొత్తించెను. ఆ పండితులు పుచ్చుకొన్నదియు పరిశోధక వేతనమే గదా! విలియం కింగు 1872లో కడప, కర్నూలు శిలలనుగూర్చి గ్రంథము ప్రకటించినది మొదలు, కడప పేరు భూగర్భశాస్త్రజ్ఞుల నోళ్లలో నానుచునే యున్నది. వేంపల్లె సున్నపురాతిలో సూక్ష్మజీవులు పొరలుపొరలుగ గట్టిన చిహ్నములు నేటికి 180 కోట్ల సంవత్సరములకు మించిన ప్రాచీనత గలవి. వేంపల్లె పేర నొక శిలాశ్రేణి యున్నట్లే పులివెందుల పేరను నొకటి కలదు. మనవారు ఇండ్లకు బండలు దీయుటకు తప్ప ఆ రాతిని చూచినది తక్కువ.

ఆ వేంపల్లె శ్రేణిలోనే తుమ్మలపల్లెయొద్ద యురేనియము గలదు. 2012లో నచ్చట శుద్ధికర్మాగారము పని ప్రారంభించెను. మేరీ క్యూరీ రేడియమును వెలికిదీసినది యురేనియపు ఖనిజమునుండియే. చుట్టుపట్ల గ్రామములవారు తమ బావినీటినిగూర్చియు, పంటలనుగూర్చియు ఆందోళన చెందుచున్నారు. ఆ నీటిలో నేమున్నదో, ఏమి లేదో నిర్భయముగ కొలిచి చెప్పగల రసాయనశాస్త్రజ్ఞుడు ఆ గ్రామములలో బుట్టినవాడైనచో రైతు వాని మాటను నమ్మును. అట్టివానిని తయారుచేయుటకు కావలసిన ప్రయోగశాలలు ఐరోపాలో నున్నవి. జీతమును వారే యిత్తురు. పిల్లవానిని మనము పంపవలయును. ప్రొద్దుటూరి పశువైద్య కళాశాల విద్యార్థికిని, పులివెందుల ఇంజనీరింగు కళాశాల విద్యార్థికిని, 2006లో వెలసిన యోగివేమన విశ్వవిద్యాలయపు విద్యార్థికిని ఇదే మాట వర్తించును.

ఇక మనలోని లోపమును గూడ దాచకుండ చెప్పవలయును. ఈ యుద్యోగములు ‘యూరాక్సెస్’ అను ఐరోపా సమాఖ్యవారి ప్రకటనస్థానమున బహిరంగముగ ప్రకటింపబడును. దరఖాస్తుకు రుసుము లేదు. ‘డబ్బు పుచ్చుకొని క్యూరీ వేతన మిప్పించెదను’ అనువాడు మోసగాడని యెఱుగుడు. వారు చూచునది యేమనగా, విద్యార్థి తన చేతులతో చేసిన పని యేదైన గలదా, దానిని తెలిసిన యాచార్యుడు ఉత్తరము వ్రాయగలడా, ప్రశ్నించినప్పుడు తన పనిని తానే వివరింపగలడా యనునది. మనవైపు ప్రాజెక్టు నివేదికను అంగడిలో గొని, అట్టవేయించి, కళాశాలకు సమర్పించు నాచారమొకటి ప్రబలినది. పరీక్షకు దానివలన మార్కులు వచ్చును. ఐరోపా యాచార్యుని మొదటి ప్రశ్నకే ఆ యట్ట యూడిపోవును. ఎం.ఎస్‌సి. మొదటి సంవత్సరముననే యొక చిన్న సమస్యను చేపట్టి, తప్పులు చేయుచు నైనను స్వయముగ సాధించినవాడు, మార్కులు కొంచెము తగ్గినను, వీనికంటె ముందుండును.

ధనమునుగూర్చి కూడ వారియేర్పాటులో నొక సందు గలదు. జీతము నెల గడచినతరువాతగాని రాదు. పరీక్షరుసుము, పాసుపోర్టు, వీసా, విమానపు టిక్కెట్టు, ఇంటి యడ్వాన్సు – ఇవన్నియు ముందే కావలయును. ఉద్యోగము చేతికివచ్చియు నీ మొత్తము లేక వెనుకాడు నిరుపేద యింటి విద్యార్థి యుండును. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర మీరెఱుగుదురు. ఆయన అమెరికాకు బోవుటకు కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయొక్క వాగ్దానమును, మామగారు సమకూర్చిన ధనమును తోడ్పడినవి. అచ్చటికి జేరినపిమ్మట జీవనమునకై ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేయవలసివచ్చెను. రంగూనులో వర్తకముచేసిన యొక దాత విడిచిపోయిన ధర్మము, ఆ దాత కలనైన నెఱుగని వైద్యశాస్త్రమునకు ఫలమిచ్చెను. నేటివానికి జీతము వేఱొకరిత్తురు; మనవంతు ఆ మొదటి రెండుమూడు నెలల వెచ్చము మాత్రమే.

మన సంఘము ఏటేట బంగారు పతకములు పంచుచున్నది. ప్రొద్దుటూరిలో బంగారమునకు గొదవలేదు, పతకములకును లేదు. దాతలు మన్నించినచో, ఆ ధనములో సగమైన నొక చేబదులు నిధిగ మార్చవలయునని నా కోరిక. వడ్డీ లేదు. ఉద్యోగపత్రము చూపినవారికే యీయవలయును. జీతము మొదలైన యొక సంవత్సరములోపల తిరిగి చెల్లింపవలయును. మేరీ క్యూరీయే దీనికి సాక్షి. రష్యావారి పాలనలోని వార్సాలో ఆడుపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. ఆమె ఇతరుల పిల్లలకు చదువు చెప్పి, అక్క చదువునకు ధనము పంపి, 1891లో పారిసుకు బోయెను. 1893లో ఆమెకు 600 రూబుళ్ల యొక విద్యార్థి వేతనము లభించెను. తరువాత తన మొదటి సంపాదననుండి ఆ మొత్తమును, అడుగువా రెవరును లేకున్నను, తిరిగి యిచ్చివేసెను. తనవంటి మఱియొక విద్యార్థికి అది యుపయోగపడవలెనని యామె తలంపు.

ఆడుపిల్లలమాట వచ్చినది గావున నింకొకటి. పెండ్లి కాకుండ అంతదూరము పంపుట యెట్లని తల్లులు నన్నడుగుదురు. పెండ్లియైనవారికి కుటుంబభృతి గలదని చెప్పితిని, భర్త వెంటబోవచ్చును. భార్య వెంట భర్త పోవుట మన యిండ్లలో క్రొత్త. అలవాటు పడవలసినది అత్తవారేగాని నియమములు గావు.

కావున సభవారి యెదుట నే నుంచు ప్రతిపాదన యిది. పదిమంది విద్యార్థుల ప్రయాణమునకు జాలునంత మూలధనముతో వడ్డీలేని చేబదులు నిధి నొకదానిని స్థాపింపవలయును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల శాఖలయందు ఇంగ్లీషు బాగుగ నెఱిగిన యొక్కొక్క ఉపాధ్యాయుని నియమించి, యూరాక్సెస్ ప్రకటనలను పక్షమున కొకమారు చూచి, మన విద్యార్థులకు దగినవానిని తెలుగున వ్రాసి, శాఖా కార్యాలయపు గోడమీద నంటింపవలయును. ఎరాస్మస్ ముండస్ దరఖాస్తులు సామాన్యముగ అక్టోబరు జనవరుల నడుమ తీసికొందురు గావున, ఆ పని దసరాకు ముందే మొదలిడుట మంచిది. ఈ ప్రతిపాదనను బలపఱచుమని జమ్మలమడుగు శాఖవారిని ప్రార్థించుచున్నాను.