పన్నెండు వోల్టులే కదా అనుకున్నాను
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫిల్మ్ నగర్‌లో నటీనటుల క్యారవాన్ బళ్ళు మీరు చూసే ఉంటారు. అవి చూసి మా మనవడు బంజారా హిల్స్‌లో మా ఇంటి వెనుక షెడ్డులో, కారుకు తగిలించుకునే చిన్న ట్రైలరు గది కట్టాడు. అనంతగిరి కొండలకు తీసుకుపోవాలని వాడి సరదా. "వైరింగు మీదే తాతగారూ" అన్నాడు. 33 వేల వోల్టుల లైన్ల మీద పనిచేసినవాడిని, 12 వోల్టులు నాకొక లెక్కా అనుకున్నాను.

ఇంట్లో మిగిలిన 1 స్క్వేరు ఎం.ఎం. వైరు లాగేశాను. ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు కలిసి 120 వాట్లు. 230 వోల్టుల మీద అది అర ఆంపియరు. 12 మీద 10 ఆంపియర్లు! పోను నాలుగు, రాను నాలుగు మీటర్ల వైరులోనే దాదాపు ఒకటిన్నర వోల్టు పోయి ఫ్రిజ్ మొరాయించింది. 4 ఎం.ఎం. వేశాక సర్దుకుంది.

అది చిన్న తప్పు. పెద్దది, ఫ్యూజును బ్యాటరీ దగ్గర కాక స్విచ్చి బోర్డులో పెట్టడం. ట్రయలు వేసి వచ్చాక చిన్న మనవరాలు లోపలికెక్కి ఆడుకుంటోంది. రేకు కన్నం అంచుకు ఒరుసుకున్న వైరు, ఫ్యూజుకు ముందే షార్టయింది. బ్యాటరీ వందల ఆంపియర్లు తోయగలదు. వైరు ఎర్రబడి పొగ! కోడలు పిల్లను లాక్కుంది. నేను క్లాంపు ఊడబీకాను. రెండు వేళ్ళు కాలాయి.

ఇప్పుడు ఫ్యూజు బ్యాటరీ పాజిటివుకు జానెడు దూరంలో ఉంది. ప్రతి కన్నానికీ రబ్బరు బుష్షు, బయటి 230 వోల్టుల సప్లైకి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు, బాడీకి ఎర్తు. (మూడో పిన్ను విరిచేసి వాడేవారు మనలోనూ ఉన్నారు, నాకు తెలుసు.)

అయినా కోడలు ఇంకొకరి చేత చూపించిగాని బండిని కదలనివ్వలేదు. వచ్చినవాడు ఐ.టి.ఐ. చదివే కుర్రవాడు. నా బుష్షుల్లో ఒకటి వదులుగా ఉందని పట్టుకున్నాడు.